నా చెవుల్లో రెండు మోతలు

నాకు వినపడేవి రెండు శబ్దాలు. ఒకటి సన్నగా, తెంపు లేకుండా కీ... అని రెండు చెవుల్లోనూ మోగుతూ ఉంటుంది. పగలు పనిలో పడితే గుర్తుకు రాదు. రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగిందంటే ఇక అదొక్కటే వినపడుతుంది. రెండోది బుస్... బుస్... అని ఆగి ఆగి వచ్చేది, ఎక్కువగా కుడి చెవిలో. మెట్లెక్కితే దాని వేగం పెరిగేది. కుడివైపు తిరిగి పడుకుంటే ఇంకా పెద్దగా వినపడేది. ఎవరైనా అడిగితే మాత్రం "చెవుల్లో హోరుగా ఉంది" అని ఒక్క మాట చెప్పేదాన్ని. మనవాళ్లు ఎవరైనా అలాగే చెబుతారు. ఆ రెండు శబ్దాలూ వేరు, వాటి కారణాలూ వేరు అని తేలాకే నాకు సరైన వైద్యం మొదలైంది. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను. ఇలా బాధపడుతూ, చెబితే ఎవరూ నమ్మరేమోనని లోపలే పెట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

వీటికి తోడు ఇంకో బాధ, శబ్దం తట్టుకోలేకపోవడం. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతికి పాఠాలు చెబుతాను. పిల్లలు బెంచీలు ఈడ్చిన చప్పుడుకు గుండె దడ వచ్చేది. ఇంట్లో స్టీలు పళ్లెం సింకులో పడితే చెవి లోపల నిజంగానే నొప్పి పుట్టేది. కుక్కరు విజిల్ వేసేలోపే వంటగదిలోంచి బయటికి వచ్చేసేదాన్ని. సాయంత్రం లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి వెనక హారన్లు మొదలైతే స్కూటీ పక్కకు తీసి నిలబడిపోవాల్సి వచ్చేది. కొన్ని రోజులు వెలుతురు కూడా పడేది కాదు. ఎదురొచ్చే బండ్ల లైట్లు, క్లాసులో ట్యూబులైటు, పూజగదిలో అగరొత్తుల వాసన, ఏదీ ఓర్చుకోలేకపోయేదాన్ని. చిత్రమేమిటంటే, ఒకపక్క పిల్లలు మెల్లగా చెప్పింది సరిగా అర్థమయ్యేది కాదు, ఇంకోపక్క వాళ్లు గట్టిగా అరిస్తే భరించలేను. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా ఉంటాయో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. అత్తమ్మ "వేడి చేసింటుంది" అని సబ్జా నీళ్లు, పలచటి మజ్జిగ ఇచ్చింది. వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు చెవిలో వేద్దామంది కానీ, ముందు డాక్టరుకు చూపిద్దామని మా ఆయన ఆపాడు. మంచిదే అయింది. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో చూడకుండా చెవిలో ఏదీ పోయకూడదట. మా ఆయన లెక్కలో మాత్రం ఇదంతా స్కూలు టెన్షన్. ఆ మాట పూర్తిగా అబద్ధమని నేననను. నిద్ర లేని రోజు, మనసు బాగాలేని రోజు మోత పెద్దదవుతుంది, అది నాకు తెలుసు. కానీ టెన్షన్ అని తేల్చేస్తే ఇక కారణం వెతకడం అక్కడితో ఆగిపోతుంది. ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో.

మొదట చూపించుకున్న క్లినిక్కులో సరిగ్గా అదే జరిగింది. నా మాట పూర్తి కాకముందే "నరాల బలహీనత" అని, జింకో ఆకు సారం ఉన్న మాత్రలు, ఒక విటమిన్ షీటు రాసిచ్చారు. చెవిలోకి లైటు వేసి చూడలేదు. వినికిడి పరీక్ష రాయలేదు. బీపీ కూడా చూడలేదు. ఖరీదైన మాత్రలు, వాడినన్నాళ్లూ ఏ మార్పూ లేదు. అమెరికాలోని ఈ.ఎన్.టి. నిపుణుల సంఘం 2014లో ఈ మోత గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. జింకో బిలోబా, మెలటోనిన్, జింక్ లాంటివి దీనికి రాయవద్దని అందులో స్పష్టంగా ఉంది. మొదటి చూపులోనే రోగిని వివరంగా అడిగి, చెవిని పరీక్షించాలని కూడా ఉంది. మోతకు మందు లేదని చెబితే నేను బాధపడేదాన్నేమో గానీ నమ్మకం పోయేది కాదు. కారణం వెతక్కుండా మందు అంటగట్టడం మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది.

తర్వాత తోటి టీచరు చెప్పగా వేరే ఈ.ఎన్.టి. డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు రెండు చెవుల్లోకి చూశారు. ఎడమ చెవిలో గులిమి గట్టిపడి దారి మూసేసి ఉంది. సక్షన్ మిషన్‌తో తీశారు. ఉత్త గులిమి అడ్డం పడినా మోత రావచ్చు, కొందరికి అది తీసేస్తే కథ ముగుస్తుంది. నాకు చెవి తేలికైంది గానీ మోత పోలేదు. అప్పుడు కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టారు. మలేరియాకు క్వినైన్ వాడారా? టీబీకి స్ట్రెప్టోమైసిన్ సూదులు వేయించుకున్నారా? జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు ఎక్కువ రోజులు తీసుకున్నారా? ఆస్పిరిన్ పెద్ద మోతాదులో వేసుకుంటారా? ఒంట్లో నీరు తీయడానికి ఫ్యూరోసమైడ్? కేన్సర్ మందులేమైనా? ఈ మందులన్నీ చెవి మీద పనిచేసేవేనట. క్వినైన్, ఆస్పిరిన్ వల్ల వచ్చిన మోత మందు ఆపితే చాలావరకు తగ్గుతుంది. ఆ ఇంజెక్షన్ల వల్ల, కేన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్ వల్ల పోయిన వినికిడి మాత్రం సాధారణంగా తిరిగి రాదు. ఆ మందులు ప్రాణం కాపాడేవి కూడా, కాబట్టి ఎవరూ తమంతట తాము మానేయకూడదని గట్టిగా చెప్పారు. కళ్లు తిరిగి గదంతా గిర్రున తిరిగినట్టు ఉంటుందా, చెవి దిబ్బడ వేస్తుందా అని అడిగారు. అది లోపలి చెవికి వచ్చే మెనియర్ జబ్బు కోసం. ఇంట్లో చిన్న వయసులోనే చెవుడు వచ్చినవాళ్లున్నారా అన్నది ఆటోస్క్లెరోసిస్ కోసం, అంటే చెవిలోని చిన్న ఎముక బిగుసుకుపోయే జబ్బు. వీటిలో ఏదీ నాకు లేదు.

"సరే, ఆ శబ్దం ఎలా వస్తుందో ఈ టేబుల్ మీద వేలితో కొట్టి చూపించండమ్మా" అన్నారు.

కీ... అనేదాన్ని వేలితో కొట్టి చూపించడం ఎలా? అప్పుడే "సార్, అది కాదు, ఇంకోటి కూడా ఉంది" అని నోట్లోంచి వచ్చేసింది. కళ్లు మూసుకుని, కుడి చెవిలో బుస్ అన్నప్పుడల్లా టేబుల్ మీది అద్దంపై చూపుడువేలితో తట్టాను. ఆయన నా ఎడమ మణికట్టు పట్టుకున్నారు. నా వేలు, ఆయన వేళ్ల కింద నా నాడి, రెండూ ఒకే లయలో నడుస్తున్నాయి. "ఇక చాలమ్మా. మీకు వినపడుతున్నది మీ రక్తం పారే శబ్దమే" అన్నారు. స్టెతస్కోపు మెడ పక్కన, చెవి వెనక ఎముక మీద పెట్టి విన్నారు. మెడ ఒకవైపు మెల్లగా నొక్కి శబ్దం మారిందా అని అడిగారు. ఆ తర్వాత నా కంటి కింది రెప్ప లాగి చూశారు. లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంది. "నెలసరి ఎక్కువగా అవుతుందా?" అని అడిగితే ఒక్క క్షణం జవాబు రాలేదు. చెవి డాక్టరు ఆ మాట అడుగుతారని నేను అనుకోలేదు.

హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది. గర్భిణి కాని ఆడవాళ్లకు 12 ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రక్తం తగ్గితే అది పలచబడుతుంది, ఒంటికి ఆక్సిజన్ చాలించడానికి గుండె ఇంకా గట్టిగా, వేగంగా కొడుతుంది. చెవికి ఆనుకునే పెద్ద రక్తనాళాలు వెళతాయి. వాటిలో రక్తం సుడులు తిరుగుతూ పరుగెడితే ఆ చప్పుడు చెవికి తెలుస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా, బీపీ ఎక్కువైనా ఇలాంటి శబ్దం రావచ్చని ఆ పరీక్షలూ చేయించారు, అవి మామూలుగానే ఉన్నాయి. అక్కడినుంచి గైనకాలజిస్టు, స్కాన్, గర్భసంచిలో ఉన్న ఫైబ్రాయిడ్ అనే గడ్డ వల్లే నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని తేలడం, దాని చికిత్స. అదంతా వేరే సంగతి. ఐరన్ మాత్రలు నెలల తరబడి వాడాను. వేసుకునే ముందూ వెనకా కాఫీ, టీ తాగొద్దన్నారు, అవి ఐరన్ ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుందన్నారు. హిమోగ్లోబిన్ 10 దాటేసరికి బుస్ బుస్ పలచబడింది, ఇంకా పెరిగాక పూర్తిగా పోయింది. రక్తం పెరిగినా శబ్దం తగ్గకపోతే మెడ, తల రక్తనాళాలకు స్కాన్ తీయాల్సిందేనని డాక్టరు ముందే చెప్పి ఉంచారు. నాడితో కలిసి కొట్టే మోతను ఎప్పుడూ వదిలేయకూడదట.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే సగానికి పైనే. వాళ్లలో ఎంతమంది నాలాగే చెవిలో హోరు అని చెప్పి మాత్రల షీటు తెచ్చుకుంటున్నారో అని ఆలోచిస్తే నాకు మనసు ఊరుకోదు.

ఇక కీ... అనే మోత. దానికి ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, రాశారు. గోడలకు మెత్తటి పలకలు వేసిన చిన్న గది, మందపాటి తలుపు, చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక బటన్. శబ్దం ఎంత సన్నగా వినపడినా నొక్కమన్నారు. తలుపు వేసిన మరుక్షణం నా మోత అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. ఏది మిషన్ శబ్దమో, ఏది నాదో తెలియక కంగారు పడ్డాను. పరీక్ష చేసే ఆడియాలజిస్టు అమ్మాయి అద్దం అవతలినుంచి గమనించి లోపలికొచ్చింది. "భయపడకండి మేడమ్, ఈ గదిలో చాలామందికి ఇలాగే ఉంటుంది" అంది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లు చేసిన పరీక్ష గురించి ఆ తర్వాత చదివాను. వినికిడి బాగానే ఉన్న 80 మందిని సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెడితే 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినపడుతోందన్నారు. మన తలలో చప్పుడు ఎప్పుడూ కొంత ఉంటుంది, బయటి శబ్దం దాన్ని కప్పేస్తుంది. నాకైతే ఆ సంగతి మాత్రల కంటే ఎక్కువ పనిచేసింది. నాకేదో పిచ్చి పడుతోందన్న భయం అక్కడ తగ్గింది.

పరీక్షలో 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో శ్రుతి వినిపిస్తారు. 25 డెసిబెల్స్ లోపు వినపడితే మామూలే అని లెక్క. అంకె పెరిగేకొద్దీ గ్రాఫు కిందికి దిగుతుంది, అంటే వినికిడి అంత తగ్గినట్టు. నా గ్రాఫు కింది శ్రుతుల్లో 10, 15 దగ్గర నేరుగా నడిచింది. 4000 దగ్గరికి వచ్చేసరికి రెండు చెవుల్లోనూ 45కు దిగిపోయింది. 8000 దగ్గర మళ్లీ పైకి లేచింది. ఆ అమ్మాయి ఆ గుంటను పెన్నుతో చూపిస్తూ "ఫ్యాక్టరీలో ఏమైనా పని చేశారా మేడమ్?" అంది. లేదు, టీచర్నే అన్నాను. "మీ సొంతూరు ఏది?"

నగరి అన్నాను. ఆమెకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

మాది నగరిలో మరమగ్గాల ఇల్లు. ఇంటి వెనక గోడకు ఆనుకునే షెడ్డు, అందులో వరసగా మగ్గాలు. నాయన వాటి మధ్యే ఉండేవాడు. దారాన్ని మోసుకుపోయే నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు పొద్దున మొదలైతే రాత్రి షిఫ్టు దాకా ఆగేది కాదు. షెడ్డులో మాటలుండవు, అన్నీ సైగలే. నాయన రెండు వేళ్లు చూపిస్తే దారం చుట్టిన కండెలు రెండు అందించాలి, పిడికిలి మూస్తే ఆ చివరి మగ్గం ఆపాలి. బడి నుంచి రాగానే నేనూ తమ్ముడూ అక్కడే కూర్చుని కండెలు సర్దేవాళ్లం, అక్కడే హోంవర్కు రాసుకునేవాళ్లం. ఆ చప్పుడులో నిద్రపోయేవాళ్లం. కరెంటు పోయి మగ్గాలు ఆగితే అప్పుడు మెలకువ వచ్చేది. ఆడియోగ్రామ్ సంగతి ఫోన్లో చెబితే అమ్మ "నువ్వు కడుపులో ఉండంగా కూడా నేను మగ్గాల కాడే కండెలు చుట్టతా ఉంటి మే" అంది. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేకపోయాం.

పనిచేసే చోట రోజుకు 8 గంటల పాటు 85 డెసిబెల్స్ మించకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 88 అయితే 4 గంటలే, 91 అయితే 2 గంటలు, 100 అయితే 15 నిమిషాలు. మరమగ్గాల షెడ్డులో 90 దాటడం మామూలు. మనిషి లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కేశ కణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. పుట్టినప్పుడు ఉన్నవే, పోతే మళ్లీ పుట్టవు. చెవి రంధ్రం ఉన్న తీరు వల్ల 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాలు లోపల ఇంకా పెరుగుతాయి. అందుకే పెద్ద చప్పుళ్ల దెబ్బ ముందుగా 4000 దగ్గర కనిపిస్తుంది. స, ష, త లాంటి హల్లుల స్పష్టత ఆ పై శ్రుతుల్లోనే ఉంటుంది కాబట్టి పిల్లలు మెల్లగా మాట్లాడితే నాకు మాట వినపడేది గానీ ఏ మాటో తెలిసేది కాదు.

మరి శబ్దం తక్కువ వినపడాల్సిన చోట కీ... అని ఎందుకు మోగుతుంది? ఆడియాలజిస్టు రేడియోతో చెప్పింది. స్టేషన్ సరిగా తగలకపోతే వాల్యూమ్ పెంచుతాం, అప్పుడు పాటకంటే గరగర ఎక్కువ వస్తుంది. చెవి నుంచి సమాచారం తగ్గితే మెదడు తన వాల్యూమ్ పెంచుకుంటుంది, లోపలి నరాల చప్పుడే మనకు మోతగా వినపడుతుంది. నా మోత ఏ శ్రుతిలో ఉందో మిషన్‌తో పోల్చి చూస్తే సరిగ్గా ఆ గుంట దగ్గరే దొరికింది. పెంచిన ఆ వాల్యూమే బయటి శబ్దాలను కూడా పెద్దవి చేస్తుంది. తక్కువ వినపడటం, ఎక్కువ వినపడటం ఒకే మనిషికి ఎలా ఉంటాయన్న మా ఇంటి ప్రశ్నకు జవాబు ఇదే.

దానికీ ఒక పరీక్ష ఉంది. శబ్దాన్ని మెల్లగా పెంచుకుంటూ పోతారు, ఇక వద్దు అనిపించిన చోట చెయ్యెత్తాలి. మామూలుగా చాలామంది 100 డెసిబెల్స్ దాకా ఓర్చుకుంటారట. నేను 70 దాటగానే చెయ్యెత్తాను. దీన్ని హైపర్ అక్యూసిస్ అంటారు. అయితే వెలుతురు, వాసనల సంగతి చెవితో తేలేది కాదని డాక్టరు న్యూరాలజిస్టు దగ్గరికి పంపారు. అక్కడ బయటపడింది మైగ్రేన్. నెలసరి ముందు తలకు ఒకవైపు పోటు, వాంతి వచ్చేట్టు ఉండటం, చీకటి గదిలో పడుకుంటే హాయిగా ఉండటం, ఇవన్నీ పెళ్లికి ముందు నుంచీ ఉన్నవే. మా ఇంట్లో అమ్మకూ, పెద్దమ్మకూ ఉన్నవే కాబట్టి ఎవరూ జబ్బు అనలేదు. మైగ్రేన్ ఉన్నవాళ్లకు నొప్పి లేని రోజుల్లో కూడా శబ్దం, వెలుతురు పడకపోవచ్చు. నొప్పి మాత్రలు తరచుగా వేసుకుంటే వాటివల్లే తలనొప్పి ఎక్కువవుతుందని చెప్పి, రోజూ వేసుకునే నివారణ మాత్ర ఒకటి రాశారు. అది మొదలుపెట్టిన కొన్ని వారాలకు హెడ్‌లైట్లు, అగరొత్తులు మామూలు విషయాలయ్యాయి. చప్పుళ్ల బాధ సగం తగ్గింది.

పళ్లు గట్టిగా బిగించినా, దవడ ముందుకు చాపినా మోత మారుతుందేమో చూడమన్నారు. కొద్దిగా మారింది. దవడ కీలు, మెడ కండరాల నుంచి వచ్చే నరాలు కూడా మెదడులో వినికిడి దారితో కలుస్తాయట. నిద్రలో పళ్లు కొరికేవాళ్లకు దంతవైద్యుడు పళ్లకు తొడుగు చేసిస్తే కొంత ఉపశమనం ఉంటుంది. నాకు అంత అవసరం పడలేదు.

ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని డాక్టరు చెప్పారు, అవి ఇక్కడ పెట్టకపోతే నాకు మనసొప్పదు. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకుండా పోతే అది జలుబో, గులిమో అనుకుని ఆగకూడదు, ఆ రోజే వెళ్లాలి. మొదటి కొన్ని రోజుల్లో స్టెరాయిడ్ ఇస్తే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ, రెండు వారాలు దాటితే తగ్గిపోతుంది. మోత ఒక్క చెవిలోనే ఉండి ఆ చెవికే వినికిడి తగ్గుతూ ఉంటే వినికిడి నరం మీద గడ్డ ఉందేమోనని ఎం.ఆర్.ఐ. తీస్తారు. అది చాలావరకు కేన్సర్ కాదు, కానీ తెలియాలి. మూతి ఒకపక్కకు వంకరపోయి, అదే వైపు శబ్దాలు భరించలేనంతగా వినపడితే అది ముఖ నరానికి వచ్చిన పక్షవాతం కావచ్చు. పెద్ద శబ్దం వచ్చినప్పుడు చెవి లోపల ఒక చిన్న కండరం బిగుసుకుని దాన్ని తగ్గిస్తుంది, ఆ కండరాన్ని నడిపేది ఆ నరమే. ప్రైవేటుకు వెళ్లే స్తోమత లేకపోతే మన ఊళ్లో ప్రభుత్వ రుయా ఆసుపత్రి ఉంది.

4000 దగ్గర పోయిన వినికిడికి మందు లేదు. కీ... అనేది ఇప్పుడు కూడా ఉంది, ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా. కానీ దాంతో బతకడం నేర్పారు. గదిని పూర్తి నిశ్శబ్దంగా ఉంచొద్దన్నారు. వానలు బాగా పడ్డప్పుడు కపిలతీర్థం జలపాతం చప్పుడు ఫోన్లో రికార్డు చేసుకున్నాను, రాత్రి మోత కంటే కాస్త తక్కువ వాల్యూమ్‌లో పెట్టుకుంటాను. మోతను పూర్తిగా కప్పేయకూడదట, దాని పక్కన ఇంకో శబ్దం ఉంటే చాలట, మెదడు మెల్లగా దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మోత గురించి మనసులో వచ్చే భయాలను పట్టుకుని మార్చే కౌన్సెలింగ్ కూడా కొన్నిసార్లు తీసుకున్నాను. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు దాన్ని. బాధ తగ్గించడంలో దానికి మంచి ఆధారాలున్నాయి. క్లాసులో కిటికీవైపు కాకుండా పిల్లలకు దగ్గరగా నిలబడతాను. బెంచీల కాళ్లకు రబ్బరు బూట్లు వేయించమని అడిగితే మా హెడ్మిస్ట్రెస్ మేడమ్ వెంటనే వేయించారు. పిల్లలకూ హాయిగా ఉంది.

ఇయర్ ప్లగ్గుల విషయంలో ఆడియాలజిస్టు చాలా కచ్చితంగా ఉంది. ఇంట్లో, క్లాసులో పెట్టుకోవద్దు. రోజంతా చెవులు మూసుకుంటే మెదడు వాల్యూమ్ ఇంకా పెంచుకుంటుంది, మామూలు చప్పుడు కూడా పడకుండా పోతుంది. నిజంగా పెద్ద శబ్దం ఉన్నచోట మాత్రం తప్పకుండా పెట్టుకోవాలి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చింది. మా పాప వేషం కట్టింది. డప్పులు, పంబలు, మధ్యలో టపాకాయలు. ఫోమ్ ప్లగ్గును రెండు వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి పెట్టి, అది మళ్లీ ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. మొదట నాకు, తర్వాత పాపకు పెట్టాను. డప్పు వినపడుతూనే ఉంది, నొప్పి లేదు. గుడి దాకా నడిచాను. జాతర ఆగాలని నేను ఎప్పటికీ కోరుకోను. డీజే బాక్సుల సంగతి వేరు. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు వేయకూడదు. ఆ నియమం పసిపిల్లల చెవుల కోసమని చెప్పి అడగడానికి ఇప్పుడు నేను మొహమాటపడను.

నాయనకు డెబ్బై దాటాయి. టీవీ వీధి చివరికి వినపడేలా పెట్టుకుంటాడు, ఫోన్లో మాట్లాడటం ఎప్పుడో మానేశాడు. ఏకాంబరకుప్పం స్టేషన్లో రైలెక్కించి తిరుపతికి పిలిపించుకున్నాను. ఆయన గ్రాఫు నాదానికంటే చాలా కిందికి ఉంది, పై శ్రుతులు దాదాపు లేవు. "నీకు కూడా మోత ఉండాదా నాయనా?" అని కాగితం మీద రాసి చూపిస్తే "మగ్గం మోతే కదా, అది అందరికీ ఉంటుంది" అన్నాడు. షెడ్డు వదిలి ఏళ్లయినా ఆ మోత చెవుల్లోనే ఉంది, అది జబ్బని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు రెండు చెవులకూ మిషన్లు పెట్టించాం. వినికిడి మిషను బయటి మాటలను తెచ్చిపెడితే మోత కూడా వెనక్కి తగ్గుతుందన్నారు. అలవాటు పడటానికి కొంత కాలం పడుతుంది, పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు పెట్టుకుంటున్నాడు.

షెడ్డు ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. ఫోమ్ ప్లగ్గులు, చెవుల మీద పెట్టుకునే మఫ్‌లు కొని పంపాను. "వాళ్లు పెట్టుకోవడంలా అక్కా, పెట్టుకుంటే మగ్గం చప్పుడు మారింది తెలియదంటా ఉండారు" అన్నాడు. అది నిజమైన ఇబ్బందే, దారం తెగినా, నాడె తేడా చేసినా వాళ్లకు ముందు తెలిసేది చప్పుడుతోనే. ఆ మాట ఆడియాలజిస్టుతో చెబితే, శబ్దాన్ని పూర్తిగా మూయకుండా అన్ని శ్రుతులనూ సమానంగా తగ్గించే ప్లగ్గులు ఉంటాయని చెప్పింది. అవి తెప్పించి ముందు తమ్ముణ్నే పెట్టుకోమన్నాను. వచ్చే నెల షెడ్డుకు వారం సెలవు ఉన్నప్పుడు పనివాళ్లందరినీ వినికిడి పరీక్షకు తీసుకొస్తానన్నాడు. కండెలు చుట్టడానికి వచ్చే ఆడపిల్లను కూడా తీసుకురమ్మని చెప్పాను.